మూత్ర పరీక్షలో సెరటోనిన్ తక్కువ వచ్చిందంటే, బరువుకి అదే కారణమా?

నమస్తే. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకీ అర్థమయ్యేలా సంగతి ముందు క్లుప్తంగా చెప్తాను. మీ చెల్లికి 31 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఏడాది కిందట మనసు బాగా దెబ్బతింటే సైకియాట్రిస్టు పొద్దున ఎస్సిటలోప్రామ్, రాత్రి ఒలాంజపిన్ అనే మాత్రలు రాశారు. మనిషి తేరుకుంది గానీ బరువు 69 నుంచి 84కి వచ్చింది. ఈ మధ్య ఒక వెయిట్‌లాస్ సెంటర్‌వాళ్లు మూత్ర పరీక్ష చేయించి, సెరటోనిన్, డోపమిన్ అనే మెదడు రసాయనాలు తక్కువగా ఉన్నాయనీ, బరువుకి అదే మూలమనీ చెప్పారు. మూడు నెలల క్యాప్సూళ్ల ప్యాకేజీ తీసుకుంటే మెదడు రసాయనాలు సర్దుకుంటాయి, సైకియాట్రీ మాత్రలు మెల్లగా మానేయొచ్చు అన్నారు. ఇది నిజమా, తిండితో మెదడు రసాయనాల్ని సరిచేయొచ్చా అని మీరు అడుగుతున్నారు.

నేను చాలా ఏళ్లుగా ఊబకాయం క్లినిక్‌లో పోషకాహారం చూస్తున్నాను. సైకియాట్రీ మందుల వల్ల బరువు పెరిగినవాళ్లు మా దగ్గరికి చాలామంది వస్తారు. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు: ఆ రెండు మాత్రలూ ఎవరు చెప్పినా సరే ఆపించకండి. ఒలాంజపిన్ ఉన్నట్టుండి ఆపితే ముందు నిద్ర పట్టకుండా పోతుంది, ఆ తర్వాత జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది. ఎస్సిటలోప్రామ్ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, ఒళ్లు జల్లుమన్నట్టు ఉండటం మామూలే. ఆపాలన్నా తగ్గించాలన్నా అది రాసిన డాక్టరుగారి చేతిలో పని.

రెండోది ఆ ప్యాకేజీ గురించి. మీరు పంపిన జాబితాలో 5-హెచ్‌టీపీ ఉంది. అది ఒంట్లోకి వెళ్లి సెరటోనిన్‌గా మారే పదార్థం. ఎస్సిటలోప్రామ్ చేసే పనే సెరటోనిన్ ప్రభావాన్ని పెంచడం. రెండూ కలిస్తే సెరటోనిన్ హద్దు మీరి చెమటలు, వణుకు, గుండెదడ, జ్వరం, మాటల్లో తికమక రావచ్చు. తరచుగా జరగదు గానీ, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. డబ్బా మీద 'నేచురల్' అని రాసి ఉన్నంత మాత్రాన ఆ ప్రమాదం పోదు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేయండి, సైకియాట్రిస్టుకి చెప్పండి.

ఇక ఆ మూత్ర పరీక్ష. మన ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం తయారయ్యేది పేగుల్లో. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడను సెరటోనిన్ దాటలేదు. అక్కడిది ఇక్కడికి రాదు, ఇక్కడిది అక్కడికి పోదు. మూత్రంలో కనిపించే సెరటోనిన్ ఎక్కువగా పేగులదీ మూత్రపిండాలదీ. డోపమిన్ సంగతీ అంతే, మూత్రంలోని డోపమిన్‌లో పెద్ద భాగం మూత్రపిండాల్లోనే తయారవుతుంది. ఆ అంకెను చూసి మెదడులో ఏముందో చెప్పడం కుదరదు. కొన్ని అరుదైన గడ్డల్ని పట్టుకోవడానికి ఇలాంటి పరీక్షలు చేస్తారు, అది వేరే సంగతి. ఆ రిపోర్టు పక్కన పెట్టేయండి.

అయితే మెదడు రసాయనాలకీ బరువుకీ సంబంధమే లేదా? చాలా ఉంది. సెంటర్‌వాళ్లు చెప్పిన పద్ధతిలో మాత్రం కాదు. ఏదో రసాయనం తరిగింది, క్యాప్సూల్‌తో నింపేద్దాం అన్నంత తేలికైన లెక్క కాదది.

ఆకలి, కడుపు నిండిన భావన ఎక్కువగా హైపోథాలమస్ అనే చిన్న భాగంలో తేలతాయి. అక్కడ ఒక గుంపు నాడీకణాలు 'తిను' అంటాయి, ఇంకో గుంపు 'చాలు' అంటుంది. ఒంట్లో కొవ్వు ఎంత నిల్వ ఉందో వాటికి కబురు పంపేది లెప్టిన్. అది కొవ్వు కణాల్లోనే తయారవుతుంది. దాన్ని 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. లెప్టిన్ తయారుకాని ఎలుకలు ఆపకుండా తిని, మామూలు ఎలుకలకి దాదాపు మూడు రెట్లు బరువెక్కేవి. లెప్టిన్ ఎక్కిస్తే తిండి తగ్గించి సన్నబడ్డాయి. కేంబ్రిడ్జిలో స్టీఫెన్ ఒరాహిలీ, సదాఫ్ ఫారూఖీ బృందం 1997లో పుట్టుకతోనే లెప్టిన్ లేని ఇద్దరు పిల్లల్ని గుర్తించింది. అందులో ఒక పాప తొమ్మిదేళ్లకే 94 కిలోలు. ఏడాదిపాటు రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే 16 కిలోలు తగ్గింది.

ఇది చదివితే ఎవరికైనా అనిపిస్తుంది, లావుగా ఉన్నవాళ్లందరికీ లెప్టిన్ ఇస్తే పోలేదా అని. అదీ చేసి చూశారు, పెద్దగా ఫలితం రాలేదు. ఎందుకంటే ఊబకాయం ఉన్న చాలామందిలో లెప్టిన్ తక్కువేం లేదు. కొవ్వు ఎక్కువ కాబట్టి లెప్టినూ ఎక్కువే. పెళ్లింట్లో మైకు పక్కనే కూర్చున్నవాడికి ఇంకే మాటా చెవికెక్కనట్టు, మెదడుకి ఆ కబురు అందడం మానేస్తుంది. అలా కొరత ఉన్న ఆ కొద్దిమంది పిల్లల్లో మందు అద్భుతంగా పనిచేసింది, కొరత లేని కోట్లమందిలో పనిచేయలేదు. 'మీకు ఫలానా రసాయనం తక్కువ' అని ఎవరైనా అన్నప్పుడల్లా ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఇంకో విషయం మా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ చెప్తాను, ఎందుకంటే దీంతో వాళ్ల మనసు మీది బరువు కొంత దిగుతుంది. బరువు తగ్గగానే మెదడు దాన్ని కరువు అనుకుంటుంది. ఆస్ట్రేలియాలో 50 మందిని పది వారాల పాటు చాలా తక్కువ కేలరీల తిండి మీద పెట్టి బరువు తగ్గించి, ఏడాది తర్వాత రక్తం పరీక్షించారు. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. ఏడాది గడిచినా ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగే ఉంది, లెప్టిన్ తగ్గే ఉంది, ఆకలి మునుపటికన్నా ఎక్కువగానే ఉంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత చూస్తే, వాళ్ల ఒళ్లు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి ఉండాల్సినదానికన్నా రోజుకి 500 కేలరీల దాకా తక్కువ. తగ్గిన బరువు మళ్లీ పెరిగితే 'నోరు కట్టుకోలేకపోయింది' అనేస్తాం. అక్కడ నోటికన్నా ముందు నడిచేది ఈ వ్యవహారం. మీ చెల్లిని ఇంట్లో ఎవరైనా ఆ మాట అని ఉంటే దయచేసి ఇది చదివి వినిపించండి.

సెరటోనిన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, అరటిపండు తింటే సెరటోనిన్ పెరుగుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది కాబట్టి. అరటిపండులో సెరటోనిన్ ఉన్నమాట నిజమే, అది మెదడులోకి వెళ్లదన్నదీ నిజమే. మెదడులో సెరటోనిన్ తయారవడానికి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కావాలి. అది లోపలికి వెళ్లే దారిలోనే ఇంకొన్ని అమైనో ఆమ్లాలూ పోటీపడతాయి. ఒట్టి పిండిపదార్థం తిన్నప్పుడు ఇన్సులిన్ పెరిగి ఆ పోటీదార్లని కండరాల్లోకి పంపేస్తుంది, ట్రిప్టోఫాన్‌కి దారి కాస్త తేలికవుతుంది. మనసు బాగాలేనప్పుడు స్వీటు, బిస్కెట్ తింటే ఊరటగా ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చని కొందరి వాదన. కానీ ఆ తిండిలో కొద్దిగా ప్రొటీన్ ఉన్నా ఆ ప్రభావం చాలావరకు పోతుంది. మనం తినే భోజనంలో పప్పో పెరుగో ఎటూ ఉంటుంది. కాబట్టి తిండితో మెదడు సెరటోనిన్‌ని మీటలా పైకీ కిందికీ తిప్పొచ్చన్నది నిలబడే మాట కాదు. డిప్రెషన్ కూడా ఒట్టి సెరటోనిన్ కొరత వల్లే వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. దానర్థం మందులు పనిచేయవని కాదు. పనిచేస్తున్నాయని మీ చెల్లిని చూస్తే మీకే తెలుస్తోంది.

ఒక్క రసాయనాన్ని పట్టుకుని బరువు తగ్గించాలన్న ప్రయత్నాల చరిత్రా చూడండి. సెరటోనిన్ పెంచే ఫెన్‌ఫ్లురమిన్‌ని గుండె కవాటాలు చెడిపోతున్నాయని 1997లో వెనక్కి తీసుకున్నారు. ఆకలి మీద మెదడులో పనిచేసే రిమోనాబాంట్ 2006లో యూరప్‌లో వచ్చింది. డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతున్నాయని 2008లో అక్కడ అమ్మకాలు ఆపించారు. సిబుట్రమిన్ గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లో పోయింది. ఆకలిని నడిపే రసాయనాలే మనసునీ గుండెనీ కూడా నడుపుతాయి. మనసు ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్న మనిషి మీద ఇలాంటి ప్రయోగాలు నాకు అస్సలు ఇష్టం లేదు.

ఇప్పుడు అసలు మీ చెల్లి సంగతి. ఏడాదిలో 15 కిలోలు ఎందుకు పెరిగిందో తెలుసుకోవడానికి మూత్ర పరీక్ష అక్కర్లేదు, మందుల చీటీ చాలు. మెదడులో హిస్టమిన్, సెరటోనిన్ అనే రసాయనాలు వచ్చి వాలే కొన్ని గ్రాహకాలని ఒలాంజపిన్ అడ్డుకుంటుంది. అందులో కొన్ని సరిగ్గా 'చాలు' అని చెప్పడానికి పనికొచ్చేవి. అవి మూసుకుంటే కడుపు నిండినా నిండినట్టు తెలియదు. మొదటి కొన్ని నెలల్లోనే బరువు వేగంగా పెరుగుతుంది. సైకియాట్రీలో బరువు ఎక్కువగా పెంచే మందుల్లో క్లోజపిన్‌తో పాటు దీన్నే ముందు చెప్తారు. ఆమె తప్పేం లేదిందులో.

కాబట్టి సైకియాట్రిస్టుని కలిసి నేరుగా అడగండి: 'డాక్టరుగారూ, బరువు ఇంత పెరిగింది. ఈ మందు అవసరం ఇంకా ఎన్నాళ్లు? మోతాదు తగ్గించే వీలుందా? ఆరిపిప్రజోల్ లాంటి బరువు తక్కువ పెంచే మందుకి మార్చొచ్చా? షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ కలిపి ఇస్తే ఉపయోగమా?' ఒలాంజపిన్‌తో బరువు పెరిగేవాళ్లకి మెట్‌ఫార్మిన్ కొంత ఉపయోగపడుతుందని మంచి ఆధారమే ఉంది. చాలామంది ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడతారు. అడగడం ఆమె హక్కు. మార్చొద్దని డాక్టరుగారు అంటే దానికీ గట్టి కారణం ఉంటుంది, ఆ కారణం ఏమిటో చెప్పమనండి.

పరీక్షల్లో పనికొచ్చేవి ఇవి: పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), కొలెస్టరాల్ వివరాలు, లివర్, థైరాయిడ్, బీ12. నెలసరి తప్పుతుంటే పీసీఓఎస్ (హార్మోన్లు గాడి తప్పే సమస్య) ఉందేమో చూడటానికి గైనకాలజిస్టుకి చూపించండి. నడుము చుట్టుకొలత టేపుతో కొలిచి రాసిపెట్టండి. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ కిందే లెక్క. మనవాళ్లకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 25 దాటితే ఊబకాయం అంటున్నాం, ఆమెది 34 ఉంది. తొందర పడాల్సిన అంకే గానీ బెదిరిపోవాల్సింది కాదు.

తిండి విషయానికొస్తే, మీరు రాసిన దినచర్య చూశాను. పొద్దున నాలుగు ఇడ్లీలు కొబ్బరి చట్నీతో, మధ్యాహ్నం అన్నం, పల్చటి పప్పు లేదా పులుసు, సాయంత్రం టీతో బిస్కెట్లో మిక్చరో, రాత్రి మళ్లీ అన్నం. పదిన్నరకి మాత్ర వేసుకున్నాక మళ్లీ వంటింట్లోకి వెళ్లి ఏది కనిపిస్తే అది. దీనికి ఆహార చికిత్స అంటే మెదడుకి రసాయనాలు అందించడం కాదు. 'చాలు' అన్న కబురు మందు వల్ల మందగించినప్పుడు, దాన్ని వేరే దారుల్లో గట్టిగా వినిపించేలా పళ్లెం సర్దుకోవడం. ప్రొటీన్, పీచు, ఎక్కువసేపు నమలాల్సిన తిండి, వేళ తప్పకుండా తినడం ఆ దారులు.

ప్రొటీన్ దగ్గరే మొదలుపెడదాం, మన తెలుగిళ్లల్లో గండి పడేది అక్కడే. నాలుగు ఇడ్లీల్లో సుమారు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, మిగతాదంతా పిండే. అదే 60 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బి పొట్టుతోనే రెండు పెసరట్లు వేసుకుంటే 14 గ్రాముల దాకా వస్తుంది, మధ్యాహ్నం దాకా ఆకలి ఆగుతుంది. గుడ్లు తింటే రెండు ఉడకబెట్టినవి పక్కన పెట్టండి, ఇంకో 12 గ్రాములు. ఇడ్లీయే కావాలంటే రెండు చాలు, చట్నీ బదులు కాయగూరలేసిన చిక్కటి సాంబారు ఒక పెద్ద గిన్నె. మధ్యాహ్నం పప్పు గరిటె నిలబడేంత చిక్కగా ఉండాలి. పాలకూరో తోటకూరో గోంగూరో కలిపిన పప్పు ఒక కప్పు, కూర అన్నానికి సమానంగా, అన్నం ఇప్పుడు పెట్టుకునేదాంట్లో సగం. అన్నం బదులు జొన్నరొట్టె, రాగిసంకటి మంచివే గానీ, వాటినీ కొలత లేకుండా తింటే లాభం లేదు. చికెనో చేపో తినే రోజు 100 గ్రాముల ముక్కలు, పులుసులో నూనె తేలకుండా. శాకాహారులైతే మీల్‌మేకర్ 30 గ్రాములు నానబెట్టి కూర వండితే 15 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. మూత్రపిండాల సమస్య లేకపోతే రోజు మొత్తం మీద 65-70 గ్రాములు ఆమెకి సరైన గురి. ప్రొటీన్ పౌడరు కొనక్కర్లేదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపినా రోజు కేలరీల్లో 45 శాతం మించొద్దంది. మన ఇళ్లల్లో అది ఎంత దాటుతోందో అన్నం గిన్నె చూస్తేనే తెలుస్తుంది. నూనె నెలకి ఇంటికి ఎంత వస్తోందో చూసి, తినేవాళ్ల సంఖ్యతో భాగించండి. మనిషికి 750 మిల్లీలీటర్లు దాటుతుంటే ముందు దాని సంగతి చూడాలి.

సాయంత్రం బిస్కెట్లు, మిక్చర్ ఇంట్లోకి రాకుండా చూడమంటాను. ఊరికే చెప్పడం లేదు. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి వంట లాంటి తిండి పెట్టింది. రెండిట్లోనూ చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సరిసమానంగా ఉంచి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి మీద ఉన్నప్పుడు రోజుకి 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లోనే దాదాపు కిలో పెరిగారు. అది 2019లో వచ్చిన అధ్యయనం. మామూలు మనుషులకే అంత తేడా ఉంటే, ఒలాంజపిన్ వేసుకునే మనిషికి ఎదురుగా మిక్చర్ డబ్బా పెట్టి నిగ్రహించుకోమనడం అన్యాయం. వేయించిన సెనగలు, మజ్జిగ, జామకాయ అందుబాటులో ఉంచండి. ఇంట్లో మిగతావాళ్లూ అవే తినాలి, ఆమెకొక్కదానికే వేరుగా పెడితే నాలుగు రోజులు కూడా సాగదు.

రాత్రి పదిన్నర తర్వాతి ఆకలి మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే ఆ మాత్ర వేసుకునే చాలామంది నా దగ్గర చెప్పుకునేది ఆ ఆకలి గురించే. మాత్ర వేసుకున్నాక మగత, ఆకలి కలిసి వస్తాయి, ఏం తింటున్నామో సరిగ్గా తెలియదు. భోజనం ఏడున్నరకల్లా అయిపోవాలి. మాత్ర వేసుకునే వేళకి ముందే ఒక గిన్నెలో కీరా ముక్కలు కలిపిన పెరుగు సిద్ధం చేసి పెట్టండి, అది తిని, పళ్లు తోముకుని, మాత్ర వేసుకుని నేరుగా పడుకోవాలి. మాత్ర ఏ వేళకి వేసుకుంటే మేలో డాక్టరుగారిని అడగండి. నిద్ర తక్కువైతే ఆకలి ఇంకా పెరుగుతుంది. రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చిన ఒక ప్రయోగంలో గ్రెలిన్ 28 శాతం పెరిగింది, లెప్టిన్ 18 శాతం తగ్గింది.

తిండి మనసుకీ మంచి చేస్తుందా అంటే, కొంత చేస్తుంది. ఆస్ట్రేలియాలో డిప్రెషన్ ఉన్న 67 మంది మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, మామూలు చికిత్సతో పాటు పప్పులు, కూరగాయలు, చేపలు, గింజలు ఎక్కువున్న తిండికి మారినవాళ్లలో మూడో వంతు మంది 12 వారాల్లో జబ్బు లక్షణాల నుంచి బయటపడ్డారు. తిండి సలహా బదులు మాటసాయం అందినవాళ్లలో 8 శాతం. చిన్న అధ్యయనమే, దీన్ని పట్టుకుని మందులు మానకూడదు. కానీ మందులతో పాటు నడిస్తే నష్టం లేని దారి.

సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి కూడా అడిగారు. అవి పేగుల నుంచి మెదడుకి వెళ్లే 'చాలు' కబురుని అనుకరిస్తాయి, బాగా పనిచేస్తాయి. సెమాగ్లుటైడ్‌తో 2021 నాటి పెద్ద అధ్యయనంలో 68 వారాలకి సగటున 15 శాతం బరువు తగ్గింది. ఆపేశాక ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. మీ చెల్లి విషయంలో మందు మార్పు, మెట్‌ఫార్మిన్, తిండి ఆరు నెలలు గట్టిగా చూశాకే దాని గురించి ఆలోచించమంటాను, అదీ సైకియాట్రిస్టు, ఎండోక్రైనాలజిస్టు ఇద్దరూ మాట్లాడుకుని. పిల్లల కోసం అనుకుంటే సెమాగ్లుటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

ఒలాంజపిన్ కొనసాగుతుంటే, ఈ తిండి మార్పు మొదలుపెట్టాక మొదటి రెండు నెలలు బరువు పెరగకుండా ఆగితే అదే మంచి ఫలితం. ఆ తర్వాత ఆరు నెలల్లో 4-6 కిలోలు తగ్గినా షుగరు, కొలెస్టరాల్ మీద తేడా కనిపిస్తుంది. వారానికి ఒక్కసారి, ఒకే రోజు పొద్దున బరువు చూసుకుంటే చాలు, రోజూ వద్దు.

ఈలోగా ఆమె నిద్ర బాగా తగ్గినా, ముభావంగా మారినా, బతకడం దేనికి అన్నట్టు మాట్లాడినా బరువు సంగతంతా పక్కన పెట్టి వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లు అందుబాటులో లేకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు. రక్త పరీక్షల రిపోర్టులు వచ్చాక ఇక్కడే రాయండి, అంకెలు చూసి పళ్లెంలో ఏం మార్చాలో చెప్తాను.